విదేశీ విద్యా సహాయమునకు దరఖాస్తు: యౌవనస్థులకును తల్లిదండ్రులకును ఒక పాఠము



ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వచ్చిన తరువాత మన సంఘ యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు నా యొద్దకు వచ్చి, "మాష్టారూ, విదేశములో చదువుకొనుటకు, పాఠము చెప్పుటకు సహాయమిస్తారట. ఎలా దరఖాస్తు చేయాలి?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుట కంటె అందరికి ఉపయోగపడునట్లు ఒక పాఠముగా వ్రాయుట మంచిదని తోచినది. తల్లిదండ్రులు, సంఘపెద్దలు కూడ దీనిని చదువవలెనని మనవి.

నా సంగతితోనే మొదలు పెడతాను. 1992లో నేను హోసూరు ప్రాంతములో ఒక తెలుగు బడిలో పనిచేస్తున్నాను. ఉపాధ్యాయ శిక్షణ ముగించి అప్పటికి పది సంవత్సరములు. విదేశములో ఆరు నెలలు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఒక పథకమునకు దరఖాస్తు చేశాను. రెండు పేజీల వ్యాసము అడిగారు. నిఘంటువు పక్కన పెట్టుకొని, విద్య దీపమనియు, ఉపాధ్యాయుడు జాతి నిర్మాత అనియు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలతో వ్రాసి పంపాను. ఎలాగో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మద్రాసు వెళ్లాను.

అక్కడ కూర్చున్న వారిలో ఒక పెద్దామె, "మీ తరగతిలో ఎందరు పిల్లలు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగింది. నలభై ఒక్కరు అని చెప్పాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము, సరిహద్దు దాటితే కన్నడము అన్నాను. తండ్రులతో కలిసి రాతి క్వారీలకు వెళ్లి నెలల తరబడి బడి మానే పిల్లలున్నారని చెప్పాను. వారు తిరిగి వచ్చినప్పుడు ఒకే కథను మూడు భాషలలో చెప్పించి, ఆ తరువాతనే అక్షరములలోనికి తీసుకొని వెళతానని, అందుకు పాత క్యాలెండర్ల వెనుక బొమ్మలు గీసి అట్టలు తయారు చేశానని చెప్పాను. ఆమె కలము కింద పెట్టి, "ఇదంతా మీ దరఖాస్తులో ఎందుకు లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నెల రోజులకు "చింతిస్తున్నాము" అనే ఉత్తరము వచ్చింది.

ముప్పది సంవత్సరములు దాటినా ఆ ప్రశ్నను నేను మరువలేదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇస్తున్న జవాబు అనుకొనండి.

1. సహాయమనగా ఏమి?

మొదట మూడు మాటలు వేరు చేసికొనవలెను. తిరిగి చెల్లించనక్కరలేనిది ఉపకార వేతనము లేక గ్రాంటు. తిరిగి చెల్లించవలసినది అప్పు. 1892లో జంషెట్జీ టాటా స్థాపించిన జె.ఎన్. టాటా ఎండోమెంటు ఇచ్చేది ముఖ్యముగా అప్పు రూపములోని ఉపకార వేతనమే. అది గొప్ప సంస్థ, 1940లలో కె.ఆర్. నారాయణన్ గారు లండన్ వెళ్లి చదివినది ఆ సహాయముతోనే. అయినను అప్పు అప్పే. సంతకము పెట్టకముందే కుటుంబమంతా ఆ సంగతి తెలిసికొనవలెను.

మూడవది ఒప్పందము. సహాయము ఉచితమే కావచ్చును గాని, దాని వెంట ఒక బాధ్యత వస్తుంది. దీనికి డాక్టర్ అంబేడ్కర్ గారి జీవితమే మంచి దృష్టాంతము. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడు సంవత్సరములకు ఉపకార వేతనము మంజూరు చేశారు. చదువు ముగిసిన తరువాత బరోడా సంస్థానములో పనిచేయుటకు ఆయన ఒప్పందము వ్రాశారు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో చదివి, లండన్ చేరిన తరువాత సహాయపు గడువు ముగిసింది. చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగమున చేరారు. ఆ పట్టణములో కులము కారణముగా ఆయనకు ఉండుటకు బస కూడ దక్కలేదు. ఉద్యోగము విడిచి రావలసి వచ్చింది. తాను కూడబెట్టినదానితోను, కొల్హాపూరు షాహూ మహారాజు వంటి వారి సహాయముతోను 1920లో మరల లండన్ వెళ్లి, చదువు పూర్తి చేసి 1923లో తిరిగి వచ్చారు.

ఇందులో రెండు సంగతులు గమనించవలెను. సహాయమునకు గడువు ఉంటుంది. అది చదువు ముగియువరకు ఆగదు. సహాయము చేసినవారు తిరిగి రమ్మని కోరుతారు. తిరిగి వచ్చినచోట అన్నియు అనుకూలముగా ఉండవు. ఈ రెంటికి సిద్ధపడినవారే దరఖాస్తు చేయవలెను.

2. ఒక పథకమును దగ్గరగా చూద్దాము

పథకములు అనేకము. బ్రిటనుకు 1959లో ఏర్పడిన కామన్‌వెల్త్ ఉపకార వేతనములు, 1983లో మొదలైన చీవెనింగు ఉన్నవి. అన్నిటిని పైపైన చూచుట కంటె ఒకదానిని బాగుగా తెలిసికొంటే మిగిలినవి సులభముగా అర్థమగును. ఫుల్‌బ్రైట్ పథకమును తీసికొందాము.

అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రపు సెనేటరు జె. విలియం ఫుల్‌బ్రైట్, తాను యౌవనములో రోడ్స్ ఉపకార వేతనముపై ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత పరదేశములలో మిగిలిపోయిన యుద్ధ సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్మును విద్యార్థుల, ఉపాధ్యాయుల రాకపోకలకు వినియోగించవలెనని ఆయన 1945లో బిల్లు పెట్టాడు. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ దానిపై సంతకము చేశాడు. మన దేశముతో ఒప్పందము 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. ప్రధాని నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ సంతకములు చేశారు. 2008లో కొత్త ఒప్పందము వచ్చి రెండు ప్రభుత్వములు సమాన భాగస్వాములైనవి. అప్పటినుండి ఫుల్‌బ్రైట్-నెహ్రూ అనే పేరు వచ్చింది. దీనిని నడిపించే యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్‌కు ప్రధాన కార్యాలయము న్యూఢిల్లీలో ఉన్నది.

మన పిల్లలకు ఉపయోగపడే రెండు విభాగములు చెబుతాను.

మొదటిది మాస్టర్స్ ఫెలోషిప్. ప్రజారోగ్యము, పర్యావరణము, నగర ప్రణాళిక, ఉన్నత విద్యా నిర్వహణ వంటి నిర్ణీత విషయములలో చదువుటకు ఇది. ఇటీవలి ప్రకటనలలో అడిగినవి ఇవి: డిగ్రీలో కనీసము 55 శాతము మార్కులు, జీతముతో కూడిన పూర్తికాల ఉద్యోగములో కనీసము మూడు సంవత్సరముల అనుభవము. మూడేండ్ల డిగ్రీ మాత్రమే ఉన్నవారికి దానిపైన పి.జి. చదువు కూడ ఉండవలెను. సండే స్కూలులో పది సంవత్సరములు బోధించినను అది జీతపు ఉద్యోగముగా లెక్కకు రాదు. అయితే వ్యాసములో దాని విలువ వేరు. అది ముందు చెబుతాను.

రెండవది భాషా బోధనకు సంబంధించినది. 21 మొదలు 29 సంవత్సరముల లోపు వయస్సుగల యువ ఉపాధ్యాయులను సుమారు తొమ్మిది నెలలు అమెరికా కళాశాలలకు పంపి, భారతీయ భాషలు నేర్పుటలో సహాయకులుగా ఉంచుతారు. వారు అక్కడ కొన్ని పాఠములు కూడ చదువవలెను గాని డిగ్రీ రాదు. హిందీ, ఉర్దూ, బెంగాలీ వంటి భాషలతోపాటు తెలుగు కూడ ఈ పథకములో ఉంటూ వచ్చింది. ఏ సంవత్సరము ఏ భాషలు అడుగుతున్నారో ఆ సంవత్సరపు ప్రకటన చూడవలెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దముల పాటు తెలుగు బోధించారు. మన ఊరి బడిలో తగ్గిపోతున్న భాషకు అంత దూరమున ఒక తరగతి గది ఉన్నదని మన పిల్లలకు తెలియవలెను.

ఎంపికైనవారికి రానుపోను విమానపు ఖర్చు, జీవనపు ఖర్చు, ఆరోగ్య రక్షణ ఇస్తారు. వెళ్లేది జె-1 వీసాపైన. చదువు ముగిసిన తరువాత రెండు సంవత్సరములు స్వదేశములో నివసించవలెను. అంతవరకు అక్కడి ఉద్యోగ వీసాకు గాని శాశ్వత నివాసమునకు గాని అర్హత రాదు. చీవెనింగులో కూడ రెండు సంవత్సరములు తిరిగి వచ్చి ఉండవలెననే నియమమున్నది. "ఎలాగైనా వెళితే అక్కడే స్థిరపడవచ్చును" అను తలంపుతో ఉన్నవారికి ఇది సరియైన త్రోవ కాదు.

దరఖాస్తుకు రుసుము లేదు. ఏజెంటు అక్కరలేదు. "మా ద్వారా పంపితే తప్పక వస్తుంది, ఇంత కట్టండి" అనువాడు మోసగాడని తెలిసికొనండి.

3. మనవారికి వర్తించునవి, వర్తించనివి

మనము ఇంట్లో తెలుగు మాట్లాడినను రాష్ట్ర ప్రభుత్వములు చూచేది నివాసమును, భాషను కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు విదేశీ విద్యకు ఇచ్చే సహాయములు ఆ రాష్ట్రముల వారికి ఉద్దేశించినవి. రెండు తరములుగా కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో ఉన్నవారు తాము నివసించు రాష్ట్రపు పథకములనే వెదకవలెను. బంధువుల చిరునామాతో నివాస పత్రము తెప్పించవచ్చునని కొందరు సలహా ఇస్తారు. అది అబద్ధము, బయటపడితే సహాయము పోవుటే గాక పేరు పోతుంది.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ ఉపకార వేతనము ప్రధానముగా షెడ్యూల్డు కులములవారికి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 1956, 1990 సవరణల ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధ మతములవారికే ఆ గుర్తింపు ఉన్నది. గనుక క్రైస్తవులుగా నమోదైన కుటుంబములకు ఆ భాగము వర్తించదు. దీనిని గూర్చి 2004 నుండి సుప్రీంకోర్టులో వ్యాజ్యము నడుస్తూ వచ్చింది. 2022లో కేంద్రము ఒక కమిషన్ నియమించింది. మన వేదన న్యాయమైనదే. అయినను బడిలో ఒక మతము, సంఘపు రిజిస్టరులో ఒక మతము చూపి సహాయము పొందుట మన పిల్లలకు మనము నేర్పవలసిన పాఠము కాదు. షెడ్యూల్డు తెగలకు ఇట్టి మత నియమము లేదు. వారికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖవారి పథకము వేరుగా ఉన్నది. ఒడిషాలోని మన సంఘములు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఫుల్‌బ్రైట్, చీవెనింగు వంటివి కులమును, మతమును అడుగవు. యోగ్యతను, పనిని అడుగుతాయి. అందుకే వ్యాసమునకు అంత ప్రాముఖ్యత.

4. వ్యాసము వ్రాయుట

మా సంఘములో ఒక చెల్లెలు ఉన్నది. తండ్రి తాపీ పని చేస్తాడు. ఆమె బి.ఎడ్. ముగించి ఒక చిన్న బడిలో పనిచేస్తున్నది. రెండు సంవత్సరముల క్రిందట తన వ్యాసము తెచ్చి నాకు చూపింది. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. చదివిన తరువాత, "అమ్మా, ఇది ఎవరు వ్రాశారు?" అని అడిగాను. తల వంచుకొని, ఫోనులో అడిగితే యంత్రమే వ్రాసి ఇచ్చిందని చెప్పింది. నాకు నవ్వు వచ్చింది, బాధ కూడ కలిగింది. 1992లో నిఘంటువు చూచి నేను వ్రాసిన మాటలే ఆ యంత్రము కూడ వ్రాసింది. విద్య దీపము, ఉపాధ్యాయుడు జాతి నిర్మాత!

ఆ కాగితము పక్కన పెట్టి, ఆమెను తెలుగులో మాట్లాడమన్నాను. గంటసేపు మాట్లాడింది. అది విని మేము వ్రాసికొన్న మొదటి వాక్యములు ఇట్లున్నవి: "నా తరగతిలో 34 మంది పిల్లలు. వారిలో 21 మంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు చదవలేరు. బడి భాష వేరు. నేను ప్రతి శనివారము వారి అవ్వల చేత కథలు చెప్పించి, ఆ కథలనే వ్రాయించి, చిన్న పుస్తకములుగా కుట్టిస్తున్నాను. ఇంతవరకు తొమ్మిది పుస్తకములు అయినవి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు చదవడము ఎలా నేర్పవలెనో నాకు పూర్తిగా తెలియదు. అది నేర్చుకొనుటకు వెళ్లగోరుచున్నాను."

చూడండి, ఇందులో గొప్ప మాట ఒక్కటియు లేదు. అయినను చదివినవారికి ఆ తరగతి గది కనబడుతుంది. ఆమెకు ఏమి తెలుసో, ఏమి తెలియదో, ఎందుకు వెళ్లాలో తెలుస్తుంది. "నాకు తెలియదు" అని వ్రాయుటకు ఆమె మొదట భయపడింది. తెలియనిది ఏదో చెప్పలేనివాడు నేర్చుకొనుటకు వెళ్లవలసిన పని ఏమున్నది?

వ్యాసములో నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండవలెను.

(అ) నేను ఇప్పుడు ఏ పని చేస్తున్నాను? ఎవరి కొరకు? ఎన్నాళ్లుగా?
(ఆ) ఆ పనిలో నాకు ఎదురైన చిక్కు ఏది?
(ఇ) దానికి కావలసినది నా దేశములో గాక అక్కడనే ఎందుకు నేర్చుకొనవలెను?
(ఈ) తిరిగి వచ్చి ఎక్కడ, ఎవరితో, ఏమి చేస్తాను?

నాలుగవ ప్రశ్నకు "దేశ సేవ చేస్తాను" అని వ్రాయుట చాలదు. ఏ బడి, ఏ తరగతి, ఏ పని అని వ్రాయవలెను. సండే స్కూలు, రాత్రి బడి, యౌవనస్థుల సేవ మొదలగువాటి అనుభవము ఇక్కడనే పనికివస్తుంది. జీతము లేకపోయినను మన మాట నిజమని అది చూపిస్తుంది. అందుకొరకు ఈ రోజే ఒక నోటు పుస్తకము మొదలు పెట్టండి. చేసిన పని, తేదీ, ఎందరు వచ్చారు, ఏమి కుదరలేదు అని వారమునకు నాలుగు పంక్తులు చాలును.

5. సిఫారసు లేఖలు

సాధారణముగా రెండు మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. 1992లో నేను చేసిన రెండవ తప్పు ఇక్కడ. లేఖ నేనే టైపు చేయించి, ప్రధానోపాధ్యాయుని చేత సంతకము పెట్టించాను. ఇప్పటికి ఈ అలవాటు పోలేదు. ఇపుడు చాలా పథకములలో లేఖ వ్రాసేవారికే నేరుగా కబురు వెళుతుంది. వారే వ్రాసి, వారే పంపవలెను.

పెద్ద హోదాగలవారి లేఖ కంటె మన పనిని కన్నులార చూచినవారి లేఖ మేలు. కలెక్టరు గారు "ఈమె మంచి నడవడి గలది" అని వ్రాసినదాని కంటె, మీ తరగతి వెనుక బల్లపై కూర్చుండి చూచిన ప్రధానోపాధ్యాయురాలు వ్రాసిన ఒక సంగతి ఎక్కువ బలమైనది. గడువునకు ఆరు వారముల ముందే అడుగవలెను. మీ వ్యాసము ప్రతి, మీరు చేసిన పనుల పట్టిక వారికి ఇవ్వవలెను. పాస్టరు గారి లేఖ నడవడికి సాక్ష్యము కావచ్చును గాని, చదువును, వృత్తిని గూర్చి అడిగినచోట దానిని పెట్టరాదు.

6. పేర్లు, పత్రములు

మనవంటి వలస కుటుంబములకు ఇది పెద్ద చిక్కు. తాతగారి పత్రములో ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడు బడిలో ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరము వస్తుంది. బాప్తిస్మము నాటి పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి, పాస్‌పోర్టులో మూడవది. పదవ తరగతి పత్రము, డిగ్రీ, ఆధార్, పాస్‌పోర్టు నాలుగింటిలోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధముగా ఉన్నవో లేదో ఇప్పుడే చూచుకొనండి. తేడా ఉంటే సరిచేయుటకు నెలలు పడుతుంది. దరఖాస్తు మొదలు ప్రయాణము వరకు ఏడాదికి పైగా పడుతుంది గనుక, ఈ పని ముందే ముగించవచ్చును.

7. ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూలో అడిగేది మీరు వ్రాసిన సంగతులనే. సొంతముగా వ్రాసినవానికి అక్కడ భయము తక్కువ. ఇంగ్లీషు ఉచ్చారణ గూర్చి దిగులుపడవద్దు. నెమ్మదిగా, చిన్న వాక్యములలో చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పండి. సంఘములోని ముగ్గురు చదువుకొన్నవారు ఒక శనివారము సాయంకాలము బల్లకు ఆవల కూర్చుండి ప్రశ్నలు వేస్తే, అది అరువది రూపాయల గైడు పుస్తకము కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

8. తల్లిదండ్రులకు, పెద్దలకు

ఆ చెల్లెలికి మొదటి సంవత్సరము రాలేదు. ఆ రాత్రి తల్లి, "ఇక చాలు, సంబంధము చూస్తాము" అన్నది. నేను వారి ఇంటికి వెళ్లి తండ్రితో మాట్లాడాను. ఆయన తన చేతులు చూచుకొంటూ, "మాష్టారూ, గోడ వంకర వస్తే విప్పి మళ్లీ కడతాము. ఒకసారికే వదిలేస్తామా?" అన్నాడు. ఆమె రెండవసారి దరఖాస్తు చేసింది. ఇది వ్రాయునాటికి ఫలితము రాలేదు. వచ్చినను రాకపోయినను, కథల పుస్తకములు తొమ్మిది నుండి ఇరువది రెండు అయినవి. పక్క బడి ఉపాధ్యాయులు వాటిని అడిగి తీసికొని వెళుతున్నారు. దరఖాస్తు కొరకు తన పనిని తాను సరిగా చూచుకొన్నది గనుక ఆ పని పెరిగింది. ఆ మేలును ఏ ఉత్తరమును తీసివేయలేదు.

పోటీలో ఎక్కువమందికి రాదు. రానివారు తక్కువవారని సంఘములో ఎవరును అనరాదు. వచ్చినవారిని పొగిడి వేదిక ఎక్కించి, తరువాత తిరిగి వచ్చి మన మధ్యనే పనిచేస్తే, "అంత దూరము వెళ్లి మరల ఇక్కడికేనా?" అని ఎగతాళి చేయరాదు. తిరిగి వచ్చుట ఒప్పందములో ఉన్న మాట. మనము వారికి చోటు సిద్ధపరచవలెను.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. గ్రాంటు, అప్పు, ఒప్పందము: ఈ మూడింటికి తేడా ఏమి?
2. మీరు ఇప్పుడు చేస్తున్న పనిని ఒక్క గొప్ప మాట కూడ లేకుండ అయిదు వాక్యములలో వ్రాయండి.
3. ఆ పనిలో మీకు తెలియనిది ఏది?
4. మీ పనిని కన్నులార చూచిన ముగ్గురి పేర్లు వ్రాయండి.
5. మీ పత్రములన్నిటిలో మీ పేరు ఒకే విధముగా ఉన్నదా?
6. మన సంఘములో ఇంటర్వ్యూ అభ్యాసము చేయించగల ముగ్గురు ఎవరు?

రెండవ ప్రశ్నకు జవాబు వ్రాసి, ఎవరైనను నాకు చూపగోరిన యెడల సంతోషముతో చదువుతాను. ఎఱ్ఱ సిరాతో దిద్దను, "ఇది ఎక్కడ? ఎందరు? ఎప్పుడు?" అని మాత్రము అంచున వ్రాస్తాను.